గర్భసంచి పోయినా పోని నొప్పి

శారీరక బాధను సాహిత్యం ఏ దృష్టితో చూసిందన్న ప్రశ్న మన విమర్శలో తరచుగా చర్చకు రాదు. ఆకలిని గురించి మనం చాలా రాశాం. ఆకలి తలరాత కాదనీ, దాని కారణాలు సమాజ నిర్మాణంలో ఉన్నాయనీ అభ్యుదయ సాహిత్యం తన తొలి రోజుల్లోనే చెప్పింది. నొప్పి విషయానికి వచ్చేసరికి మాత్రం మనలో చాలామంది ఇప్పటికీ దానిని డాక్టరుకో దేవుడికో అప్పగించి ఊరుకుంటున్నాం. నొప్పి శరీరంలో పుడుతుందన్నది నిజమే. కాని ఆ నొప్పిని ఎవరు నమ్ముతారు, ఎవరు నమ్మరు, దాని పేరున ఎవరికి సెలవు దొరుకుతుంది, ఎవరికి కూలి తెగుతుంది అన్నవి శరీరధర్మానికి సంబంధించిన ప్రశ్నలు కావు. అవి సామాజిక ప్రశ్నలు.

ఈ లోటును స్త్రీవాద కవయిత్రులు కొంతవరకు పూడ్చారు. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూమ్’, పాటిబండ్ల రజని ‘అబార్షన్ స్టేట్‌మెంట్’ వంటి కవితలు, 1993లో వెలువడిన ‘నీలిమేఘాలు’ సంకలనం స్త్రీ శరీరాన్ని వర్ణనకు వస్తువుగా కాక అనుభవానికి కేంద్రంగా నిలబెట్టాయి. అయితే ప్రసవానికైనా గర్భస్రావానికైనా ఒక మొదలూ ఒక ముగింపూ ఉంటాయి. అన్నీ ముగిశాయని ఆసుపత్రి కాగితం ఇచ్చి పంపిన తర్వాత మొదలయ్యే నొప్పి సంగతేమిటి? ఎండోమెట్రియోసిస్ అనే వ్యాధికి గర్భసంచి తీయించుకుని, ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి పొత్తికడుపు నొప్పితో పని చేసుకుంటూ, పిల్లల్ని బడికి పంపుకుంటూ బతుకుతున్న స్త్రీల గురించి మన కథలు గాని, మన సినిమాలు గాని పట్టించుకున్నది చాలా తక్కువ. ఆ నొప్పి ఏమిటో, ఎందుకు మిగులుతుందో, దానితో ఎలా నెగ్గుకు రావచ్చో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కొండ మీదా, కొండ కిందా

జూబ్లీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతాన్ని ఈ చర్చకు ఎంచుకోవడానికి కారణం ఉంది. ఒకప్పుడు బండరాళ్లు, తుప్పలు తప్ప మరేమీ లేని ఈ గుట్టల అంచుకు 1976లో అన్నపూర్ణ స్టూడియో వచ్చింది. తర్వాతి రెండు దశాబ్దాలలో తెలుగు సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి మెల్లమెల్లగా ఇక్కడికి తరలింది. 1988లో జూబ్లీహిల్స్‌లో అపోలో ఆసుపత్రి, 2000లో పక్కనే బంజారాహిల్స్‌లో బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. కొండ మీద నిర్మాతల బంగళాలు, స్టూడియోలు, పెద్ద ఆసుపత్రులు. కొండ కింద కృష్ణానగర్ ఇరుకు గదులు, ఫిలింనగర్ బస్తీలు. తెరమీద పేరు పడని వారంతా కింద ఉంటారు. జూనియర్ ఆర్టిస్టులు, గ్రూపు డాన్సర్లు, కాస్ట్యూమ్ సహాయకులు, హెయిర్ డ్రెస్సర్లు, పైన బంగళాలలో వంటా గిన్నెలూ చేసే స్త్రీలు.

వ్యాధికి వర్గభేదం లేదు. శ్రుతిహాసన్ తనకు పీసీఓఎస్‌తో పాటు ఎండోమెట్రియోసిస్ కూడా ఉందని 2022లో బహిరంగంగా చెప్పారు. ఒక కథానాయిక ఆ మాట దాచకుండా చెప్పడం మంచి పని. కాని వ్యాధికి లేని వర్గభేదం వైద్యానికి ఉంది, విశ్రాంతికి మరీ ఉంది. షూటింగు నడుమ నొప్పి వస్తే నాయిక వెళ్లి పడుకోవడానికి క్యారవాన్ ఉంటుంది. రోజుకూలీ మీద వచ్చిన స్త్రీ “నాకు బాగా లేదు” అంటే ఆ రోజు కూలీ పోవడమే కాదు, మర్నాడు ఏజెంటు ఆమెను పిలవడు.

కృష్ణానగర్‌లో ఉంటూ కాస్ట్యూమ్ విభాగంలో సహాయకురాలిగా పనికి వెళ్లే ఒక స్త్రీ, మా బడిలో చదివిన పిల్లవాడి తల్లి, ఒకసారి నన్ను ఇలా అడిగింది: “పన్ను పీకేస్తే నొప్పి పోతది గదా టీచర్, మరి గర్భసంచి తీసేసినంక ఇదెందుకు పోలే?” ఇంతకంటే శాస్త్రీయమైన ప్రశ్న ఉండదు. అదే ప్రశ్నను ఆమె ఆపరేషన్ చేసిన చోట కూడా అడిగింది. “గర్భసంచే లేదు కదమ్మా, ఇంకా నొప్పేంటి? ఎక్కువ ఆలోచించకు” అని పంపేశారు. ఆమెది ప్రశ్న. అక్కడ దొరికింది మందలింపు. జవాబు మాత్రం ఉంది.

పంటికీ గర్భసంచికీ తేడా

పుచ్చుపన్నులో జబ్బు పంటిలోనే ఉంటుంది. అందుకే పన్ను తీస్తే చాలావరకు జబ్బు పోతుంది. ఎండోమెట్రియోసిస్ అలాంటిది కాదు. గర్భాశయం లోపలి గోడకు ఒక పొర ఉంటుంది. నెలనెలా అది మందమై, గర్భం రాకపోతే బహిష్టు రూపంలో ఊడిపోతుంది. ఆ పొరను పోలిన కణజాలం గర్భాశయానికి బయట పెరగడమే ఎండోమెట్రియోసిస్. అండాశయాల మీద, పొత్తికడుపు లోపలి పొర మీద, గర్భాశయాన్ని వెనుకనుంచి పట్టి ఉంచే బంధనాల మీద, మలాశయం మీద, మూత్రాశయం మీద అది నాటుకుంటుంది. ఈస్ట్రోజెన్ హార్మోనుకు స్పందిస్తుంది, వాపును కలిగిస్తుంది, చుట్టూ మచ్చకట్టి పక్కపక్కన ఉన్న అవయవాలను ఒకదానికొకటి అతికిస్తుంది. అంటే ఈ వ్యాధి నిర్వచనంలోనే అది గర్భసంచి బయట ఉన్నదన్న సంగతి ఇమిడి ఉంది. బయట ఉన్న వ్యాధికి లోపలి సంచిని తీసి, అక్కడితో కథ ముగిసిందనుకుంటే ఫలితం ఎలా ఉంటుందో ఊహించవచ్చు.

బహిష్టు రక్తం కొంత గొట్టాల గుండా వెనక్కి పొత్తికడుపులోకి పారడం వల్ల ఇది వస్తుందన్న సిద్ధాంతాన్ని 1920వ దశకంలో అమెరికన్ వైద్యుడు జాన్ శాంప్సన్ ప్రతిపాదించాడు. అయితే ఆ వెనక పారుదల చాలామంది స్త్రీలలో ఉంటుంది. వ్యాధి మాత్రం కొందరికే వస్తుంది. కనుక రోగనిరోధక వ్యవస్థ, వంశపారంపర్యం వంటి కారణాలు కూడా కలిసి ఉంటాయని ఇప్పటి అవగాహన. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పిల్లలు కనే వయసులో ఉన్న స్త్రీలలో దాదాపు 10 శాతం మందికి, అంటే సుమారు 19 కోట్ల మందికి, ఈ వ్యాధి ఉంది. ఇంత విస్తృతమైన వ్యాధికి తెలుగులో జనం నోట నలిగిన పేరు లేదు. “ముట్టు నొప్పి”, “కడుపునొప్పి” అన్న రెండు మాటల కిందే ఇది దాగిపోయింది. పేరు లేని వ్యాధిని గుర్తించడానికి ఏళ్లు పట్టడంలో వింత లేదు.

ఇక్కడ ఒక భేదం గమనించాలి. ఇదే రకం కణజాలం గర్భాశయపు కండర గోడలోకి చొచ్చుకుపోతే దానిని ఎడినోమయోసిస్ అంటారు. అది గర్భసంచిలోనే ఉంటుంది కాబట్టి సంచి తీస్తే ఆ నొప్పి పోతుంది. చాలామందిలో రెండూ కలిసి ఉంటాయి. అందుకే ఆపరేషన్ తర్వాత కొందరికి పూర్తిగా నయమవుతుంది, కొందరికి సగం తగ్గుతుంది, కొందరికి ఏమీ తగ్గదు. ఆపరేషన్ వల్ల నిజంగా మేలు పొందిన స్త్రీలు ఎందరో ఉన్నారు. ఆపరేషనే తప్పు అని వాదించడం నా ఉద్దేశం కాదు. దేనికి ఏది తీస్తున్నారో తెలియకుండా, తెలియజేయకుండా తీయడమే తప్పు.

నొప్పి మిగలడానికి కారణాలు

మొదటి కారణం వ్యాధి మచ్చలు లోపలే మిగిలిపోవడం. గర్భసంచి తీయడం చాలామంది సర్జన్లకు వచ్చిన పని. మలాశయం మీద, మూత్రనాళాల దగ్గర నాటుకున్న మచ్చలను ఒక్కొక్కటిగా కోసి తీయడం వేరే నైపుణ్యం, ఎక్కువ సమయం, ఎక్కువ ఖర్చు. ఐరోపా ప్రత్యుత్పత్తి వైద్యుల సంఘం 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ సంగతిని స్పష్టంగానే చెప్పాయి: గర్భసంచి తీసినంత మాత్రాన వ్యాధిగాని బాధగాని తప్పకుండా నయమవుతుందని అనుకోవద్దని ఆపరేషన్‌కు ముందే స్త్రీకి చెప్పాలి.

రెండవది అండాశయాల ప్రశ్న. అవి ఉంటే ఈస్ట్రోజెన్ ఉంటుంది, మిగిలిన మచ్చలకు మేత దొరుకుతుంది. 1995లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యులు 138 మంది స్త్రీల అనుభవాన్ని పరిశీలించి ప్రచురించారు. అండాశయాలను ఉంచిన 29 మందిలో 62 శాతానికి నొప్పి తిరిగి వచ్చింది. రెండూ తీసిన 109 మందిలో 10 శాతానికి వచ్చింది. ఈ అంకెలు చూసి “అయితే అవి కూడా తీసేస్తే పోలా” అనిపిస్తుంది. కాని అండాశయాలు రెండూ తీస్తే ముట్లుడగడం ఒక్కరోజులో జరిగిపోతుంది. ముప్ఫై అయిదేళ్ల స్త్రీకి ఎముకల బలం తగ్గడం, గుండెజబ్బు ప్రమాదం పెరగడం, ఒళ్లంతా ఆవిర్లు, నిద్రలేమి మొదలవుతాయి. దానికి హార్మోను మందులు వాడాలి, వాటికీ పర్యవేక్షణ కావాలి. ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇస్తే మిగిలిన మచ్చలు మళ్లీ మేల్కొనవచ్చు కనుక ప్రొజెస్టోజెన్ కలిపి ఇవ్వడాన్ని పరిశీలించమంటారు. అంతేకాదు, రెండూ తీశాక కూడా 10 శాతానికి నొప్పి వచ్చిందన్న సంగతి మరిచిపోరాదు. ఏ దారిలో వెళ్లినా లాభం, నష్టం రెండూ ఉన్నాయి. ఆ రెండింటినీ తూచి నిర్ణయించుకునే హక్కు ఆ శరీరం ఎవరిదో వారిది.

మూడవది అతుకులు. వ్యాధి వల్లా, ఆపరేషన్ వల్లా కూడా లోపలి భాగాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. నాలుగవది కండరాలు. కటి అడుగున ఊయలలా పరుచుకున్న కండరాలు ఏళ్ల తరబడి నొప్పిని కాచుకుని కాచుకుని బిగుసుకుపోతాయి. దెబ్బ పడుతుందని తెలిసినవాడు ఒళ్లు బిగబట్టుకున్నట్టు. దెబ్బ ఆగిపోయినా బిగువు సడలదు. ఆ బిగువే కొత్త నొప్పి అవుతుంది. అయిదవది కోత మచ్చలలో చిక్కుకున్న చిన్న నరాలు. ఆరవది ఇరుగుపొరుగు: మూత్రాశయం, పేగులు. ఒకే నాడీ దారిని పంచుకునే ఈ అవయవాలలో ఒకటి చాలాకాలం బాధపడితే మిగిలినవీ సున్నితమవుతాయి.

ఏడవది అన్నిటికంటే అర్థం చేసుకోవలసినది. చాలాకాలం నొప్పి సంకేతాలు అందుకున్న వెన్నుపాము, మెదడు ఆ సంకేతాలను పెంచి వినడం నేర్చుకుంటాయి. డబ్బింగ్ థియేటర్‌లో మైకు గెయిన్ విపరీతంగా పెంచితే ఊపిరి తీసిన శబ్దం కూడా గాలిదుమారంలా వినిపిస్తుంది. మైకు చెడిపోలేదు, నటి అరవలేదు. యంత్రం అమరిక మారింది. నాడీవ్యవస్థలో జరిగేదీ ఇటువంటిదే. అంటే ఈ నొప్పి కల్పన కాదు. ‘మనసులో ఉన్నది’ అని తోసేయదగినదీ కాదు. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో నొప్పి నిర్వచనాన్ని సవరించినప్పుడు రెండు మాటలు స్పష్టం చేసింది: కణజాలానికి దెబ్బ కనిపించకపోయినా నొప్పి ఉండవచ్చు, నొప్పిగా ఉందని మనిషి చెప్పిన మాటను గౌరవించాలి. హిస్టీరియా అన్న పదం పుట్టిందే గర్భాశయం అన్న గ్రీకు మాట నుంచి. శతాబ్దాల పాటు స్త్రీ బాధకు గర్భసంచిని నిందించిన సమాజం, గర్భసంచి తీసేశాక ఆమె మనసును నిందిస్తోంది.

ఇది మన ఒక్క దేశపు కథ కాదు. ఆంగ్ల నవలాకారిణి హిలరీ మాంటెల్ ఇరవై ఏళ్ల ప్రాయంలో ఇదే నొప్పితో డాక్టర్ల దగ్గరకు వెళితే ఆమెకు మానసిక వ్యాధి మందులిచ్చారు. బోట్స్వానాలో ఉండగా వైద్య గ్రంథాలు తిరగేసి తన జబ్బు పేరు తానే కనుక్కుంది. 27వ ఏట లండనులో గర్భాశయం, అండాశయాలు తీసేశారు. అయినా వ్యాధి తిరిగి వచ్చింది. ఆమె 2003లో ప్రచురించిన ఆత్మకథలో ఈ చరిత్ర ఉంది. తర్వాత రెండుసార్లు బుకర్ బహుమతి పొందిన ఆ రచయిత్రి 2022లో మరణించేవరకు అనారోగ్యంతోనే రాసింది. చదువు, పుస్తకాలు అందుబాటులో ఉన్న స్త్రీకే జబ్బు పేరు తెలియడానికి అంతకాలం పట్టింది.

నొప్పికి ఉన్న తెలుగు మాటలు

తెలుగు చదువుకున్నవాళ్లం ఈ విషయంలో చేయగలిగిన సాయం ఒకటుంది. 1975లో రోనాల్డ్ మెల్జాక్ అనే శాస్త్రజ్ఞుడు నొప్పిని కొలవడానికి ఒక ప్రశ్నావళి ప్రచురించాడు. మెక్‌గిల్ ప్రశ్నావళి అంటారు. రోగులు నొప్పిని వర్ణించడానికి వాడే 78 మాటలను ఏరి, 20 గుంపులుగా విభజించాడు. ఏ మాట వాడారన్నది వ్యాధిని గుర్తించడానికి పనికొస్తుందని అతని ఉద్దేశం.

మన భాషలో ఈ సంపద తక్కువేమీ కాదు. పోటు, సలుపు, తీపు, మంట, కోత, గుంజుడు, తిమ్మిరి ఒక వరస. మెలిపెట్టడం, తొలవడం, జివ్వుమనడం, కలుక్కుమనడం, పట్టేయడం, సూదులు గుచ్చడం మరొక వరస. మన ఇళ్లలో ఆడవాళ్లు ఈ మాటలను ఎంతో కచ్చితంగా వాడతారు. సలుపుకు, పోటుకు తేడా తెలియని అమ్మమ్మ లేదు. కాని డాక్టరు ముందు కూర్చునేసరికి అవన్నీ మాయమై “నొప్పి సార్” అన్న ఒక్క మాట మిగులుతుంది. ఫైలులోకి అది ‘పెయిన్’గా ఎక్కుతుంది. అక్కడితో సమాచారమంతా పోయింది.

ఆ మాటలను పోగొట్టుకోకూడదు. మంట, జివ్వుమనడం, కరెంటు కొట్టినట్టు, తిమ్మిరి అన్నవి నరాల వైపు చూపే మాటలు. పట్టేసినట్టు, కిందికి బరువుగా లాగుతున్నట్టు, ఎక్కువసేపు కూర్చుంటే ఎక్కువవుతుంది అన్నవి కండరాలను అనుమానించమంటాయి. తిన్నాక మెలిపెట్టడం, విరేచనం అయ్యాక తగ్గడం పేగుల సంగతి. మూత్రం నిండేకొద్దీ పెరిగి, పోసుకున్నాక తగ్గేది మూత్రాశయానిది. బహిష్టు లేకపోయినా నెలలో అవే రోజుల్లో వచ్చిపోయేదైతే అండాశయాలు, మిగిలిన మచ్చలు గుర్తుకు రావాలి. ఇవి తీర్పులు కావు, ఆనవాళ్లు. పరీక్ష చేసి తేల్చవలసింది డాక్టరే. కాని ఆనవాలు చెప్పగలిగింది ఆ స్త్రీ ఒక్కతే.

అందుకని మొదటి పని ఒక రెండు రూళ్ల నోటుబుక్కు. ఏ రోజు, ఏ వేళ, ఎక్కడ, ఏ రకం, ఎంతసేపు, ఏమి చేస్తే పెరిగింది, ఏమి చేస్తే తగ్గింది. తన మాటల్లోనే. చదువు రాని తల్లికి కూతురో కొడుకో రాసిపెట్టవచ్చు. దానితోపాటు ఆపరేషన్ నాటి కాగితాలు, ఏమేమి తీశారు, అండాశయాలు ఉంచారా, తీసిన ముక్కను పరీక్షించిన రిపోర్టులో ఏముంది అన్నవి అడిగి తీసుకోవాలి. ఆ కాగితాలు పొందడం రోగి హక్కు. చాలామంది స్త్రీలకు తమ ఒంట్లోంచి ఏమి తీశారో తెలియదన్నది మన వైద్యవ్యవస్థ మీద పెద్ద అభియోగం.

నెగ్గుకు వచ్చే దారి

ఒక్క మందుతో, మరొక్క ఆపరేషన్‌తో ఈ నొప్పి పోతుందని చెప్పేవారిని అనుమానించాలి. కారణాలు ఏడైతే చికిత్స ఒకటి కాజాలదు. స్కానింగులో, అవసరమైతే ల్యాపరోస్కోపీలో వ్యాధి మచ్చలు మిగిలాయని తేలితే డైనోజెస్ట్ వంటి ప్రొజెస్టోజెన్ మందులో, ఆ పనిలో అనుభవమున్న సర్జనుతో శస్త్రచికిత్సో ఆలోచించవచ్చు. అతుకులు విడదీయడానికే పదేపదే ఆపరేషన్లు చేయించుకుంటే కొత్త అతుకులు పడతాయి. నరాల నొప్పికి చిన్న మోతాదులో ఎమిట్రిప్టిలిన్ వంటివి ఇస్తారు. అది మానసిక వ్యాధికి కూడా వాడే మందు కాబట్టి చీటీ చూసి “నన్ను పిచ్చిదాన్నన్నారు” అని బాధపడేవారున్నారు. అది నరాల నొప్పికి కూడా మందేనని ఇచ్చేటప్పుడే చెప్పాలి. గాబాపెంటిన్‌ను కూడా విరివిగా రాస్తుంటారు. కాని బ్రిటన్‌లో 306 మంది స్త్రీల మీద జరిగి 2020లో వెలువడిన పరిశోధనలో, పరీక్షల్లో కారణం కనిపించని పొత్తికడుపు నొప్పికి అది ఉత్తుత్తి మాత్రకంటే మెరుగ్గా పనిచేయలేదు. మత్తు, కళ్లు తిరగడం మాత్రం ఎక్కువయ్యాయి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలను రోజూ మింగితే కడుపులో పుండ్లు, మూత్రపిండాలకు హాని కలగవచ్చు.

కండరాల బిగువుకు ఫిజియోథెరపీ ఉంది. ఇక్కడ ఒక జాగ్రత్త. కటి కండరాలను బిగించే వ్యాయామాలు అందరికీ మంచివని ప్రచారం ఉంది. ఇప్పటికే బిగుసుకున్న కండరాన్ని ఇంకా బిగిస్తే నొప్పి పెరుగుతుంది. కావలసింది వదులు చేయడం. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, పొట్ట పైకి లేచేలా నెమ్మదిగా ఊపిరి తీసి వదలడం, రోజుకు రెండు మూడు సార్లు అయిదేసి నిమిషాలు. దీనికి ఖర్చు లేదు, యంత్రం అక్కరలేదు. వేడినీళ్ల సంచితో కాపడం పెట్టుకోవడం మన అమ్మలు చేసిందే. అది కండరాన్ని నిజంగానే సడలిస్తుంది. స్పర్శ సరిగా తెలియని మచ్చ మీద మాత్రం కాలకుండా చూసుకోవాలి. మలబద్ధకం లేకుండా నీళ్లు, పీచు ఉన్న తిండి ముఖ్యం.

పని విషయంలో ఒక సూత్రం ఉంది. నొప్పి లేనిరోజు పనులన్నీ ఒకేసారి చేసేసి, తర్వాత మూడురోజులు మంచాన పడటం చాలామంది అలవాటు. దానికి బదులు మంచిరోజునా చెడ్డరోజునా పనిని ముక్కలు చేసుకుని, నొప్పి హెచ్చకముందే ఆగడం నేర్చుకోవాలి. దాంపత్యంలో నొప్పి కలిగితే దానిని భరించడం ధర్మమని ఎవరూ అనుకోనక్కరలేదు. భర్తకు అది అయిష్టం కాదనీ నొప్పి అనీ చెప్పడం, డాక్టరు ఎదుట ఇద్దరూ కలిసి వినడం మేలు. జ్వరం, కొత్తగా రక్తస్రావం, దుర్వాసనతో కూడిన స్రావం, మూత్రం పడకపోవడం, వాంతులతో కడుపు ఉబ్బడం, ఒక్కసారిగా బరువు తగ్గడం కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఇదంతా చదివి కాస్ట్యూమ్ సహాయకురాలు ఏమంటుంది? “పనిని ముక్కలు చేసుకోవడానికి నా చేతిలో ఏముంది?” అంటుంది. ఆమె మాట నిజం. ఉదయం ఆరింటికి వ్యాను ఎక్కిన మనిషి సాయంత్రం దాకా నిలబడే ఉంటుంది. ఔట్‌డోర్‌లో మరుగుదొడ్డి లేక నీళ్లు తాగడం మానేస్తుంది. దానితో మూత్రాశయం మరింత చెడుతుంది. మలయాళ చిత్రపరిశ్రమపై 2024 ఆగస్టులో వెల్లడైన హేమ కమిటీ నివేదిక అక్కడి స్త్రీల విషయంలో సరిగ్గా ఇదే చెప్పింది. మన షూటింగులు చూసినవారికి అది పరాయి కథ అనిపించదు. 2025 ఆగస్టులో తెలుగు సినీ కార్మికులు 30 శాతం వేతన పెంపు కోరుతూ రెండు వారాలకు పైగా సమ్మె చేశారు. వేతనం మొదటి కోరికే. దాని పక్కన కూర్చోవడానికి ఒక స్టూలు, మరుగుదొడ్డి, జబ్బు సెలవు కూడా చేరినప్పుడే ‘నొప్పితో జీవించడం’ అన్న సలహా సలహాగా మిగలకుండా ఆచరణ అవుతుంది.

అంకెలు చెప్పే సంగతి

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16లో తొలిసారి గర్భసంచి తొలగింపు లెక్కలు విపులంగా తీసింది. 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో దేశం మొత్తం మీద 3.2 శాతం మంది గర్భసంచి తీయించుకుంటే ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశంలో మొదటి రెండు స్థానాలు మన రెండు రాష్ట్రాలవే. దేశం మొత్తం మీద ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రులలో జరిగాయి. అంతకు ముందే, ఆనాటి మెదక్ జిల్లా మునిపల్లి మండలంలో డాక్టర్ ఎస్.వి. కామేశ్వరి, డాక్టర్ ప్రకాశ్ వింజమూరి పనిచేసి, అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లు ఎలా జరుగుతున్నాయో వెలుగులోకి తెచ్చారు. తెల్లబట్ట, నడుంనొప్పి వంటి బాధలకు సైతం “తీయకపోతే క్యాన్సర్ అవుతుంది” అన్న భయం సరిపోయింది.

ఇక్కడ ఒక వైరుధ్యం ఉంది. అవసరం లేనివారికి ఆపరేషన్ సులభంగా దొరికింది. ఎండోమెట్రియోసిస్‌తో నిజంగా బాధపడుతున్నవారికి సరైన రోగనిర్ధారణ, మచ్చలు తీసే నైపుణ్యం, తర్వాతి ఫిజియోథెరపీ దొరకలేదు. రెంటికీ మూలం ఒక్కటే. మన వైద్యం కత్తికి ధర కడుతుంది. వినడానికి, పరీక్షించడానికి, ఓపికగా వెంట ఉండటానికి ధర కట్టదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదలకు పెద్ద ఆసుపత్రి గడప ఎక్కే అవకాశం ఇచ్చింది, అది కాదనలేం. కాని ప్యాకేజీ లెక్కలో ఆపరేషన్ ఇమిడినంత తేలికగా ఆరునెలల ఫిజియోథెరపీ ఇమడదు.

డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో తీర్పిస్తూ, అనవసర గర్భసంచి తొలగింపులను అరికట్టడానికి కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులోకి తేవాలని రాష్ట్రాలను ఆదేశించింది. పర్యవేక్షణ కమిటీలు ఆ మార్గదర్శకాలలో ఉన్నాయి. ఇవి ఆపరేషన్‌కు ముందు కాపలా కాసేవి. ఆపరేషన్ అయిపోయి నొప్పితో మిగిలినవారి గురించి కూడా అంత పట్టుదలతో ఆలోచించవలసి ఉంది. ప్రతి జిల్లా ఆసుపత్రిలో వారానికొకరోజు నొప్పి క్లినిక్, అక్కడ ఒక గైనకాలజిస్టు, ఒక ఫిజియోథెరపిస్టు, ఓపికగా వినే ఒక నర్సు. ఇది ఆకాశాన్ని అందుకోమనడం కాదు.

రచయితలు చేయవలసింది

మన సినిమాలో నొప్పికి ఒక వ్యాకరణం ఉంది. నొప్పి హఠాత్తుగా వస్తుంది, నేపథ్య సంగీతం ఉధృతమవుతుంది, నాయిక పొట్ట పట్టుకుని కూలిపోతుంది, డాక్టరు కళ్లద్దాలు తీసి “ఇక ఈమె తల్లి కాలేదు” అంటాడు. గర్భసంచి అన్నది అక్కడ బిడ్డల్ని కనే యంత్రమే. అది పోతే విషాదం, అంతటితో దృశ్యం మారుతుంది. దృశ్యం మారిన తర్వాత ఆమె పదేళ్లు ఎలా కూర్చుంది, ఎలా నడిచింది, ఎలా బస్సెక్కింది అన్నది కెమెరాకు పట్టదు. దీర్ఘకాలపు నొప్పి నాటకీయం కాదు కదా! అది ముఖంలో కనిపించదు. కనిపించదు కాబట్టే నమ్మరు.

కనిపించనిదాన్ని నమ్మేలా చెప్పడం సాహిత్యం పని. హైదరాబాదు స్త్రీలు పూనుకుని 1991లో ‘సవాలక్ష సందేహాలు’ అనే స్త్రీల ఆరోగ్య గ్రంథాన్ని తెలుగులో తెచ్చారు. డాక్టరుకూ రోగికీ మధ్య ఉన్న భాషా దూరాన్ని తగ్గించే ప్రయత్నమది. ఆ పనిని కథ, కవిత, నవల అందుకోవలసి ఉంది. ఇలాంటి స్త్రీ పాత్రను త్యాగమూర్తిగానో, దీనురాలిగానో చిత్రిస్తే మళ్లీ పాత వ్యాకరణంలోనే పడతాం. ఆమె నొప్పితో ఉంటూనే బేరమాడుతుంది, నవ్వుతుంది, కోపగించుకుంటుంది, యూనియన్ మీటింగుకు వెళుతుంది, డాక్టరును ప్రశ్నిస్తుంది. అలా రాయాలంటే ముందు ఆమె వాడే మాటలు వినాలి. సలుపు అన్నచోట సలుపు అనే రాయాలి. “ఇదెందుకు పోలే?” అని ఆమె అడిగిన ప్రశ్నకు వైద్యశాస్త్రం దగ్గర జవాబు ఉంది. ఆ జవాబు కొండ దిగి ఆమె దాకా చేరడం లేదు. దాన్ని చేరవేసే మనుషులలో ఉపాధ్యాయులమూ, రచయితలమూ కూడా ఉన్నాం.